ఒకే మార్పు, ఎన్ని లెక్కలు? వరంగల్, సిరిసిల్ల యూనిట్లలో ఆవిష్కరణల కొలత: ఒక కేస్ స్టడీ

తెలంగాణ తయారీ సంస్థల్లో 46 శాతం ఏదో ఒక ఆవిష్కరణ చేసినవేనట. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ విభాగం ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ యునిడోతో కలిసి జరిపిన 2021-22 జాతీయ తయారీరంగ ఆవిష్కరణల సర్వే చెప్పిన మాట ఇది. 8,000కు పైగా సంస్థలను అడిగితే దేశం మొత్తంమీద నాలుగింట ఒకటి మాత్రమే అలాంటిదని తేలింది. రాష్ట్రాల్లో మన వాటాయే అన్నిటికన్నా ఎక్కువ. నీతి ఆయోగ్ 2022లో విడుదల చేసిన మూడో ఇండియా ఇన్నోవేషన్ ఇండెక్స్‌లోనూ పెద్ద రాష్ట్రాల్లో కర్ణాటక తర్వాత మనమే.

సంతోషించాల్సిన అంకెలే. అయితే జిల్లా స్థాయిలో పనిచేసేవాళ్లకు కావలసిన ప్రశ్న వేరు. కొత్త పద్ధతి ఒక మిల్లు నుంచి ఇంకో మిల్లుకు, ఒక మగ్గం నుంచి ఇంకో మగ్గానికి ఎవరి చేతుల మీదుగా వెళుతోంది? ఎవరికి చేయూతనిస్తే అది ఇంకో పదిమందికి చేరుతుంది? దీనికి ఆ రెండు అంకెల్లోనూ జవాబు లేదు. ఇండెక్స్‌లో 66 సూచికలున్నాయి, అయినా లేదు.

సర్వేలు తయారుచేయడం నా వృత్తి. ఒక శిక్షణ సంస్థ ఉత్తర తెలంగాణలో ఏ పనివాళ్లకు ఏం నేర్పాలో తేల్చుకోవడానికి ఆవిష్కరణల లెక్క కావాలని మా బృందాన్ని అడిగింది. వరంగల్ చుట్టుపక్కల రైస్ మిల్లులు, వాటికి పనిచేసే వెల్డింగ్, ఫ్యాబ్రికేషన్ షాపులు, సిరిసిల్ల మరమగ్గాలు, కొత్తవాడ జంపఖానాల సొసైటీలు మేం తీసుకున్న రంగాలు. ఇది ప్రశ్నావళిని పరీక్షించిన పని. యూనిట్లను లాటరీ పద్ధతిలో ఎంచలేదు కాబట్టి దీన్నుంచి శాతాలు తీయడం తప్పు. ఇక్కడ ఇవ్వడం లేదు.

ప్రామాణిక ప్రశ్న ఏమడుగుతుంది

ఆవిష్కరణల కొలతకు ప్రపంచమంతా వాడే పుస్తకం ఓస్లో మాన్యువల్. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 1992లో మొదట తెచ్చింది, 2018లో నాలుగో ఎడిషన్ వచ్చింది. దాని నిర్వచనం చాలామంది అనుకునే దానికంటే ఉదారమైనది. లోకానికి కొత్త కానక్కర్లేదు. ఆ సంస్థ అంతకుముందు చేసినదానికన్నా చెప్పుకోదగ్గ తేడా ఉంటే చాలు. అయితే ఆలోచన దగ్గరే ఆగిపోకూడదు. వస్తువైతే కొనేవాళ్లకు అందుబాటులోకి రావాలి, పద్ధతైతే వాడకంలోకి రావాలి.

యూరప్ దేశాల్లో రెండేళ్లకోసారి జరిగే సర్వే దీనిమీదే నడుస్తుంది. సాధారణంగా 10 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలనే అడుగుతుంది. ప్రశ్న సారాంశం: గత మూడేళ్లలో కొత్త వస్తువు తెచ్చారా, కొత్త పద్ధతి పెట్టారా? అవును, కాదు. "అవును" అన్న సంస్థల వాటాయే ఆ దేశపు ఆవిష్కరణ రేటు.

ముందుగా దీన్నే తెలుగులో పెట్టి, ఏ మార్పూ చేయకుండా అడిగించాం.

మిల్లులో రెండు జవాబులు

ప్రభుత్వానికి బియ్యం ఆడించే మిల్లుల్లో "అవును" ఇట్టే వచ్చింది. కారణం బ్లెండర్. ప్రభుత్వ పథకాల కింద ఇచ్చే బియ్యాన్నంతా 2024 కల్లా ఫోర్టిఫైడ్ చేస్తామని 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి ప్రకటించారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్, బీ12 ఉన్న గింజలను 100 కిలోల బియ్యానికి ఒక కిలో చొప్పున కలపాలన్నారు. కాబట్టి ప్రభుత్వం ఇచ్చే వడ్లను ఆడించే మిల్లులన్నీ ఆ గింజలను కలిపే యంత్రం, అంటే బ్లెండర్, పెట్టుకున్నాయి.

"అందరు పెట్టిన్రు, మేం పెట్టినం. పెట్టకుంటే మన బియ్యం తీస్కోరు గద సార్" అన్నాడొక యజమాని. నిర్వచనం ప్రకారం ఆయన జవాబు సరైనదే. మిల్లుకు కొత్త పద్ధతి, వాడకంలో ఉంది. ఆదేశం మీద పెట్టారా, ఇష్టపడి పెట్టారా అన్నదాన్ని నిర్వచనం పట్టించుకోదు.

అదే మిల్లులో డ్రయర్ దగ్గర ఉండే ఆపరేటర్‌తో మాట్లాడితే ఇంకో సంగతి బయటపడింది. వడ్లను ఒక్క విడతలో ఆరబెట్టడం మానేశాడు. సగం తేమ దిగాక తీసి, కొన్ని గంటలు బిన్‌లో నిలవబెట్టి, మళ్లీ డ్రయర్‌లోకి ఎత్తుతున్నాడు. వేడిగాలికి గింజ పైపొర ముందు ఆరిపోతుంది, లోపల తేమ అలాగే ఉంటుంది. ఆ తేడా ఎక్కువైతే గింజ పగుళ్లిచ్చి మిల్లులో నూకవుతుంది. మధ్యలో విశ్రాంతినిస్తే లోపలి తేమ పైకి సర్దుకుంటుంది. సాంకేతిక పుస్తకాల్లో టెంపరింగ్ పేరుతో ఎప్పటినుంచో ఉన్నదే ఇది, ఆ మిల్లుకు మాత్రం కొత్త. ఆపరేటర్ పుస్తకం చదవలేదు. "మిర్యాలగూడల పన్జేసేటప్పుడు సూసిన. ఈడ యాసంగి వడ్లకు నూక మస్తు వస్తుందంటె ఒకసారి చేసి చూద్దామని మొదలువెట్టిన" అన్నాడు.

క్వింటాలు వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం అప్పజెప్పాల్సిన మిల్లుకు నూక తగ్గడమంటే నేరుగా డబ్బే. యజమానికి ఈ సంగతి తెలుసు. మేం అడిగినప్పుడు మాత్రం గుర్తు రాలేదు. దానికి బిల్లు లేదు, కొన్న యంత్రం లేదు, సబ్సిడీ ఫైలు లేదు.

ఇక్కడ సమస్య "ఒక మార్పు తప్పిపోయింది" అన్నంత చిన్నది కాదు. బ్లెండర్ పెట్టినందుకు ఆ మిల్లు ఎలాగూ "అవును" ఖాతాలో పడింది. ఆపరేటర్ పని దొరికినా దొరక్కపోయినా రేటు మారదు. ఆదేశం మీద అన్ని మిల్లుల్లో ఒక్కసారే వచ్చిన యంత్రం, ఒక్కడు ఊరు మారి వెంట తెచ్చిన పద్ధతి ఆ ఒక్క టిక్కు కింద కలిసిపోయాయి. పైగా ఫోర్టిఫికేషన్ గడువు సర్వే అడిగే మూడేళ్లలో పడితే జిల్లా రేటు ఎగబాకుతుంది, పడకపోతే జారుతుంది. పేపర్లో మాత్రం "జిల్లాలో పెరిగిన ఆవిష్కరణలు" అని వస్తుంది.

మగ్గం ఒకరిది, నూలు ఒకరిది

సిరిసిల్లలో చిక్కు వేరు. అక్కడ సంస్థ అంటే ఎవరన్నదే తేలదు. నూలు పోసి గుడ్డ తీసుకునే యజమాని ఒకరు. షెడ్డు, మగ్గాలు ఉండి కూలికి నేయించి ఇచ్చే ఆసామి ఇంకొకరు. ఆ మగ్గాలు నడిపే కార్మికులు, బీములు చుట్టే వార్పిన్ కార్మికులు, వైపని వాళ్లు వేరే. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చాక సాదా గుడ్డ నేసే మగ్గాలకు డాబీలు, అంటే అంచు, డిజైన్ నేయడానికి మగ్గం మీద అమర్చే పరికరాలు ఎక్కించారు. పాలిస్టర్ గుడ్డకూ లంగా గుడ్డకూ అలవాటుపడిన ఊరు అంచు చీరలు నేసింది. ఏ కొలతతో చూసినా ఇది పెద్ద మార్పే.

ఎవరి ఖాతాలో రాయాలి? యజమానిని అడిగితే చీర తన కొత్త ఉత్పత్తి. ఆసామిని అడిగితే ఇలా: "మగ్గం నాది, నూలు సేటుది, డిజైన్ సర్కారుది. నేనేం కొత్తగ చేసినట్టు?" ఆయన "కాదు" అని రాయించుకున్నాడు. పక్క షెడ్డు ఆసామి అదే డాబీకి "అవును" అన్నాడు. ఇద్దరిదీ ఒకటే పని, ఒకటే కూలి. డాబీని మగ్గానికి బిగించి, ఆ పాత మగ్గం వేగానికి సర్దిన మెకానిక్ ఏ జాబితాలోనూ లేడు.

బ్రిటిష్ ఆర్థికవేత్త కీత్ పావిట్ 1984లోనే రంగాలను విడదీసి చూపించాడు. వస్త్రాలు, వ్యవసాయం వంటి రంగాల్లో కొత్తదనం ఎక్కువగా బయటి సరఫరాదారుల దగ్గర పుట్టి యంత్రాల్లో, సామగ్రిలో కూచుని లోపలికి వస్తుంది. సొంత పరిశోధన ఖర్చుతో అలాంటి రంగాలను కొలిస్తే అవి ఎప్పుడూ వెనకబడినట్టే కనిపిస్తాయి. మన దేశపు పరిశోధన వ్యయం జీడీపీలో 0.64 శాతమే అన్న 2020-21 అంకెను పట్టుకుని సిరిసిల్ల గురించి ఏమైనా చెప్పబోవడం అందుకే దండగ.

పేటెంట్ల సంగతి త్వరగా ముగిస్తాను. 2021లో విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజు 80 శాతం తగ్గించారు. నిట్, కాకతీయ యూనివర్సిటీ, ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్న వరంగల్‌లో దరఖాస్తుల సంఖ్య మిల్లుల గురించీ మగ్గాల గురించీ చెప్పేది తక్కువ, కాలేజీల ఉత్సాహం గురించి చెప్పేది ఎక్కువ. మేం దాన్ని సేకరించలేదు.

"రైతు చెప్పిండు, చేసిచ్చినం"

అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది వెల్డింగ్ షాపులు. దమ్ము చేసే ట్రాక్టర్లకు కేజ్ వీల్స్ చేసే ఒక షాపు ఉంది. ఆ ఇనుప చక్రాలతో తారురోడ్డు ఎక్కితే రోడ్డు పాడవుతుంది, కేసు పెడతామని పోలీసులు చెబుతూనే ఉంటారు. పొలం గట్టు దగ్గర ఇద్దరు మనుషులు తొందరగా బిగించి, తొందరగా ఊడదీసేలా చక్రాన్ని మార్చిందీ షాపు. పట్టీల వాలు కూడా నల్లరేగడికి ఒక తీరు, చెరువు కింది దుబ్బకు ఒక తీరు. ప్రామాణిక ప్రశ్నకు ఆయన జవాబు "కాదు". "ఇందుల కొత్తేముంది? రైతు గిట్ల కావాలన్నడు, చేసిచ్చినం."

ఆలోచన రైతుది, చేత షాపుది. రైతు వ్యాపార సర్వేలోకి రాడు. ఇద్దరు ముగ్గురు పనిచేసే షాపు పరిశ్రమల వార్షిక సర్వేలోకీ రాదు, ఎందుకంటే అది కరెంటుతో నడిచే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది ఉన్న ఫ్యాక్టరీల నుంచే మొదలవుతుంది.

వరంగల్ నుంచి హైదరాబాద్ దారిలో ఆలేరు ఉంది. తల్లి కష్టం చూసి 1999లో ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం ఆ ప్రాంతం వాడే. పోచంపల్లి చీరకు నూలును మేకుల చుట్టూ వేల సార్లు చేత్తో తిప్పే పనిని ఆ యంత్రం మీదేసుకుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇంత పేరున్న ఆవిష్కరణ కూడా ప్రామాణిక లెక్కలో సరిగ్గా ఇమడదు. పేటెంట్ల పట్టికలో అది ఒక్క గీత. దాని ఫలం నేతగాళ్ల ఇళ్లలో ఆడవాళ్ల భుజాల మీద ఉంది, ఆ ఇళ్లను సంస్థలుగా ఎవరూ అడగరు. 2018 ఓస్లో మాన్యువల్ కుటుంబాలను కూడా ఆవిష్కరణలు చేసే ఒక రంగంగా ఒప్పుకుంది. అంతకుముందే బ్రిటన్‌లో జరిగిన ఒక సర్వే ఫలితాలు 2012లో వచ్చాయి. సొంత అవసరానికి ఏదో ఒకటి తయారుచేసుకున్న లేదా మార్చుకున్నవాళ్లు పెద్దవాళ్లలో 6.1 శాతమని అందులో తేలింది. ఆ సర్వే జల్లెడ పట్టిన తీరు మాకు బాగా పనికొచ్చింది. ఎందుకు చేశారు, బజారులో దొరికేదేనా, ఉద్యోగంలో భాగంగా చేసిందా అని వరసగా అడిగి, ఉత్తుత్తి "అవును"లను తీసేస్తారు.

మార్పు చీటీ

గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది. ఒక్కో చెరువు నీటిని విడివిడిగా కొలిచి అన్నిటినీ కొత్త వాన కింద కూడితే వచ్చే అంకె ఎలాంటిదో, సంస్థల వారీ ఆవిష్కరణ రేటు మన చిన్న యూనిట్ల మధ్య అలాంటిదని నాకు అనిపించింది. అందుకే లెక్కకు మూలం సంస్థ కాకుండా మార్పు కావాలనుకున్నాం. ఇది మా కనిపెట్టుడు కాదు. బ్రిటన్‌లోని ససెక్స్ యూనివర్సిటీ పరిశోధకులు 1945 నుంచి 1983 వరకు ఆ దేశంలో వచ్చిన 4,000కు పైగా ముఖ్య ఆవిష్కరణలను ఒక్కొక్కటిగా జాబితా చేశారు. ఓస్లో నాలుగో ఎడిషన్‌లో ఈ పద్ధతికి ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. సంస్థను దాని అతి ముఖ్యమైన ఒక్క ఆవిష్కరణ గురించి లోతుగా అడగమంటుంది.

మేం ప్రతి మార్పుకూ ఒక చీటీ, ఒక నంబరు పెట్టాం. ఏం మారింది, ఎప్పుడు, ఆలోచన ఎవరిది, చేసిందెవరు, మొదట ఎక్కడ చూశారు, మీ దగ్గర చూసి ఎవరు తీసుకున్నారు, ఇప్పుడూ నడుస్తోందా. చివరి మూడూ మామూలు సర్వేల్లో దొరకనివి. "ఎక్కడ చూశారు" అంటే ఎదురుదిశలో, "ఎవరు తీసుకున్నారు" అంటే ముందుకు దారి దొరుకుతుంది. డాబీ సంగతి యజమాని చెప్పినా, ఆసామి చెప్పినా, మెకానిక్ చెప్పినా ఒకటే నంబరు కిందికి వస్తుంది. ముగ్గురి పాత్రలు మూడు గళ్లలో పడతాయి.

"గత మూడేళ్లలో" అన్న మాట తీసేశాం. మూడేళ్ల లెక్క జనం తలలో అలా ఉండదు. మిల్లుల్లో "మొన్నటి యాసంగా, అంతకుముందు వానాకాలమా" అని, సిరిసిల్లలో "మొదటి చీరల ఆర్డర్‌కు ముందా వెనకా, లాక్‌డౌన్‌కు ముందా వెనకా" అని అడిగాం. సీజన్లను తేదీలుగా మార్చుకోవడం మా పని. దీనివల్ల ఇంకో లాభం వచ్చింది. ప్రతి యూనిట్ ఏ సీజన్‌లో తీసుకుందో తెలిస్తే వ్యాప్తి రేఖ గీయొచ్చు. ఆర్థికవేత్త జ్వీ గ్రిలికెస్ 1957లో అమెరికాలో హైబ్రిడ్ మొక్కజొన్న మీద చేసిన పని ఇదే. అయోవాలో అది ముందు పాకింది, అలబామాకు చాలా ఆలస్యంగా వెళ్లింది. రైతులు మొండివాళ్లు కాబట్టి కాదు. అక్కడి నేలకు తగ్గ విత్తనం తయారుచేసి అమ్మేవాళ్లు లాభం తక్కువని ఆలస్యంగా వెళ్లారు. మన దగ్గర విత్తనం అమ్మేవాడి జాగాలో మెకానిక్‌ను పెట్టి చూడండి.

యజమానితో పాటు యంత్రం దగ్గర నిలబడే మనిషిని విడిగా అడగడం తప్పనిసరి చేశాం. కొందరు యజమానులకు ఇది నచ్చలేదు. పనివాడు జీతం పెంచమంటాడేమోనన్న భయం ఒకటి, పక్క మిల్లు వాళ్లకు రహస్యాలు పోతాయన్న భయం ఇంకొకటి. రెండోది నిజమైన భయమే. అందుకే కొలతలు, నిష్పత్తులు రాయలేదు, మార్పు రకం మాత్రమే రాశాం.

"ఆవిష్కరణకు ఎంత ఖర్చుపెట్టారు" అన్న ప్రశ్నను ఎత్తేశాం. వెల్డింగ్ రాడ్డు, ఒక పూట కూలి, పాడైన రేకు: వీటికి లెక్క ఎవరు రాస్తారు? యంత్రం కొన్నచోట జీఎస్టీ బిల్లు చూసి రాసుకున్నాం, మిగతాచోట ఖాళీ వదిలాం. ఊహించి రాసిన రూపాయల కన్నా ఖాళీ గడి మేలు. ఇంకో సంగతి, సిరిసిల్లలో ఎవరు అడుగుతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారింది. సబ్సిడీ మనిషి అనుకుంటే మార్పులు పెరిగాయి, కరెంటు వాళ్లనుకుంటే కనెక్షన్ కేటగిరీ మారుస్తారేమోనని మగ్గాలే తగ్గాయి. కాబట్టి ఏ ప్రశ్నకన్నా ముందు మేం ఎవరం కామో చెప్పాల్సి వచ్చింది.

"తీసేసింది ఏమన్నా ఉందా" అన్న ప్రశ్న చివర్లో చేర్చాం, అది బాగా పలికింది. టార్పాలిన్ కప్పి మూలన పెట్టిన యంత్రం లేని మిల్లు అరుదు. ప్రభుత్వ ఆర్డర్ లేని నెలల్లో డాబీ విప్పేసి సాదా గుడ్డకు మళ్లిన మగ్గాలూ కనిపించాయి. ప్రామాణిక లెక్కలో ఒకసారి "అవును" అన్నది మూడేళ్లు అవునుగానే ఉండిపోతుంది.

ఎక్కడ పనిచేయలేదు

చీటీ పద్ధతికి యంత్రాల మీద మోజు ఎక్కువ. కంటికి కనిపించే మార్పులే ముందు చీటీ ఎక్కుతాయి. కొత్తవాడలో జంపఖానాల మీద కలంకారీ తరహా అచ్చు వేయించడం వెంటనే చీటీల్లో పడింది. ఫోన్‌లో ఫొటోలు పంపి నేరుగా బయటి ఊళ్ల కొనుగోలుదారులతో బేరం కుదుర్చుకోవడం మాత్రం మేం గుచ్చి అడిగేదాకా ఎవరూ చెప్పలేదు. అమ్మకం, లెక్కలు, పని పంచుకోవడం: ఈ మూడింటికీ విడిగా గుర్తుచేసే ప్రశ్నలు కావాలి.

రెండోది, అడిగేవాళ్లకు పని తెలిసి ఉండాలి. డ్రయర్ ఎందుకుందో తెలియనివాడు టెంపరింగ్‌ను పట్టుకోలేడు. మామూలు సర్వే సిబ్బందితో ఇది నడవదు. ఐటీఐ ఫిట్టర్ కోర్సు చేసిన కుర్రాళ్లను తీసుకుంటే నడిచింది. సమయం కూడా బాగా ఎక్కువ పడుతుంది, కాబట్టి రాష్ట్రమంతా ప్రతి యూనిట్‌లో చేయాలని నేననను.

ఏం ఇచ్చాం, ఏం అడిగాం

శిక్షణ సంస్థకు మూడు కాలమ్‌ల పట్టిక ఇచ్చాం. ఇక్కడే పుట్టిన మార్పులు, బయటి నుంచి వచ్చి ఇక్కడ పాకినవి, వచ్చి ఆగిపోయినవి. ప్రతిదాని పక్కన అది ఎవరి చేతుల మీదుగా వచ్చిందో. పాత పద్ధతి రేటు కూడా లెక్కకట్టుకునేలా ఆ అవును-కాదు ప్రశ్నను అలాగే ఉంచాం. ఇతర దేశాలతో, రాష్ట్రాలతో పోల్చడానికి అదే కావాలి, దాన్ని పారేయడం తెలివితక్కువ. మూడు కాలమ్‌లను కలిపి ఒక్క స్కోరు ఇవ్వమన్నారు. ఇవ్వలేదు. బ్లెండర్‌కు ఎన్ని మార్కులు, టెంపరింగ్‌కు ఎన్ని మార్కులు అని నేను కూచుని వేస్తే అది నా అభిప్రాయం అవుతుంది, కొలత కాదు.

పట్టిక చూశాక ఆ సంస్థ యజమానుల అవగాహన సదస్సులను పక్కనపెట్టి, డ్రయర్ ఆపరేటర్లకూ మగ్గాల మెకానిక్‌లకూ కోర్సులు రాయడం మొదలుపెట్టింది.

మా ప్రతిపాదన ఒకటి ఇంకా మిగిలి ఉంది. అసంఘటిత యూనిట్ల మీద జాతీయ గణాంక కార్యాలయం ఏటా చేసే సర్వే, ఏఎస్‌యూఎస్‌ఈ, ఇప్పటికే వెల్డింగ్ షాపుల దాకా, ఒక్కరే నడిపే షెడ్ల దాకా వెళుతోంది. దానికి నాలుగు ప్రశ్నలు తగిలించాలి: పోయినేడాది చేసే పనిలో ఏదైనా మారిందా, దాన్ని ఎక్కడ చూశారు, చేసిందెవరు, మీ దగ్గర చూసి ఎవరైనా తీసుకున్నారా. పేర్లు అక్కర్లేదు, అదే ఊరా, అదే జిల్లానా, బయటి రాష్ట్రమా అన్నది చాలు. చీటీలన్నీ నింపే లోతైన సర్వేను నాలుగైదేళ్లకోసారి కొన్ని రంగాల్లో చేస్తే, ఈ నాలుగు ప్రశ్నల జవాబులు ఎంతవరకు నమ్మొచ్చో దానితో సరిచూసుకోవచ్చు. వ్యవసాయ పనిముట్లు చేసే షాపుల్లో మాత్రం ఐదో ప్రశ్న ఒకటి కావాలి, అడిగిన రైతు ఏం కావాలన్నాడని. ఏఎస్‌యూఎస్‌ఈ వ్యవసాయం జోలికి వెళ్లదు కాబట్టి, రైతు మాట గణాంకాల్లోకి రావడానికి ప్రస్తుతానికి ఆ షాపు గడప ఒక్కటే దారి.